తేలు తోకకి కట్టిన కడ్డీలు

ఆ ఏడు వానలు మొదలయ్యేటప్పటికి మా కోడలు మంచం మీద ఉంది, మావాడు కారు కింద ఉన్నాడు, నేను ఇంట్లో మళ్ళీ పెద్దరికం వెలగబెడుతున్నాను. ముగ్గురిలోనూ సుఖంగా ఉన్నది నేనొక్కదాన్నే. ఇప్పుడంటే ఇలా చెప్పగలుగుతున్నాను గానీ, అప్పట్లో ఆ మాట నాలో నేను అనుకోవడానికి కూడా సిగ్గేసేది.

మా ఇంటిని ఆనుకునే షెడ్డు ఉంది. మా ఆయన ఉన్నన్నాళ్ళూ అందులో ఆయనా నేనూ కార్ల సీట్లు కుట్టేవాళ్ళం. ఆయన పోయాక మావాడు దాన్ని పాతకాలపు రేసు కార్లకు నకళ్ళు తయారుచేసే షెడ్డుగా మార్చాడు. తుక్కు కింద పోబోయే చిన్న కారు ఒకటి తెచ్చి, పైభాగమంతా ఊడబెరికి, మిగిలిన అడుగు మీద ఫైబరు ఒళ్ళు తొడుగుతాడు. పక్కన నిలబడి చూసినా అసలుదే అనుకుంటారు. ఇంజను వెనకాల ఉంటుంది. దానికి నీళ్ళక్కర్లేదు, గాలికే చల్లబడుతుంది. లేతు మిషను పెట్టుకున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు, మా ఆయన స్నేహితుడు, అందరికీ లేతుమామ. "మనిషికన్నా నయమమ్మా, తాగుడన్నదే లేదు" అనేవాడు ఆ ఇంజన్ని చూసి.

అడిగినవాళ్ళకి చేసిచ్చినవి పోగా, మావాడు తనకోసం ఒకటి చేసుకున్నాడు. దానికి మామూలుకి రెండింతలు లాగే ఇంజను పెట్టాడు. ముక్కు నేలకి వంగి, బరువూ బలమూ అంతా తోకలోనే ఉండేసరికి లేతుమామ దాన్ని తేలు అన్నాడు. ఆ పేరే ఖాయమైంది.

షెడ్డులోంచి బయటికొచ్చే ప్రతి బండినీ మొదట నడిపేది మా కోడలే. చేసేది మావాడు, చేసినదాంట్లో లోపం ఎక్కడుందో నడిపి చెప్పేది ఆమె. తేలుని కూడా ఆమే బయటికి తీసింది, మావాడు పక్కన కూర్చున్నాడు. ఈ రకం బండిలో ఇంజను దేని మీదా కూర్చోదు, గేర్‌బాక్సుని పట్టుకుని వెనకాల వేలాడుతుంది. గేర్‌బాక్సుని మోసేవి కారు అడుగు నుంచి వెనక్కి సాగిన రెండు ఇనుప కొమ్ములు, మధ్యలో రబ్బరు దిమ్మలు. మామూలు ఇంజనుకి ఆ ఏర్పాటు చాలు. రెండింతల ఇంజనుకి చాలదనీ, కొమ్ములు కదలకుండా అడ్డంగానూ ఏటవాలుగానూ కడ్డీలు కట్టాలనీ మావాడికి తెలుసు. "కడ్డీలదేముంది, ముందు ఎలా లాగుతుందో చూద్దాం" అన్నాడు. రాళ్ళ క్వారీకి ఎక్కే దారిలో, మలుపు దగ్గర ఆమె గట్టిగా తొక్కింది. రబ్బరు చిరిగింది, గేర్‌బాక్సు ఎగిరింది, పడిన గేరు ఊడొచ్చింది, తోక పక్కకి తిరిగి బండి వెళ్ళి రాతిగోడని గుద్దింది. క్లచ్ మీదున్న ఎడమకాలు ఇరుక్కుని ఆమె తొడ ఎముక విరిగింది. మావాడికి ఒక్క గీత పడలేదు. పడి ఉంటే బాగుండేదని నాతో చాలాసార్లు అన్నాడు.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మా ఇంట్లో ఇద్దరమూ ఉన్నాం, ఇద్దరమూ మంచివాళ్ళమే, అదే వచ్చిన చిక్కు. ఆమె నన్ను పల్లెత్తు మాట అన్నది లేదు. పెళ్ళైన కొత్తలో మావాణ్ణి 'ఏమండీ' అనేది, షెడ్డులో స్పానర్లు అందించడం మొదలుపెట్టాక 'నువ్వు'లోకి దిగింది, ఆ తర్వాత చూస్తూండగానే షెడ్డంతా ఆమె చేతిలోకి వెళ్ళింది. వచ్చినవాళ్ళతో మాట్లాడేది ఆమె, సామాను తెప్పించేది ఆమె. వంటింట్లో నేను ముప్ఫై ఏళ్ళుగా పెట్టుకున్న డబ్బాల చోట్లు కూడా మార్చింది. మార్చిన చోటే వీలుగా ఉంది, అది ఇంకా కష్టం. నాకు మిగిలింది షెడ్డు మూలన కుట్టుమిషను.

ఆపరేషనుకి తీసుకెళ్ళేముందు తన చేతిసంచి నాకిచ్చి, "తాళాలు అందులోనే ఉన్నాయి అత్తయ్యా, ఇల్లు మీరు చూసుకోండి" అంది. నేను బావురుమన్నాను. అది దొంగ ఏడుపు కాదు. కానీ ఇంటికి వస్తూ దారిలో నేను ఆలోచించినది డబ్బాలు మళ్ళీ ఏ అరలో పెట్టాలా అని. ఆ ఏడుపూ నాదే, ఈ ఆలోచనా నాదే. కాగల కార్యం గంధర్వులే తీర్చారు అంటారే, ఆ మాట కూడా ఒక్క క్షణం మనసులోకి వచ్చింది. తోలేశాను గానీ, వచ్చిందన్న సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

తొడలో కడ్డీ వేసి ఇంటికి పంపారు. షెడ్డు వైపు కిటికీ ఉన్న ముందుగదిలో మంచం వేయించాం. మావాడు మర్నాటి నుంచే పగిలిన ముక్కుని అతుకుతూ తేలుకి కడ్డీలు కట్టడం మొదలుపెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. రబ్బరు దిమ్మలు పీకి పారేసి వాటి స్థానంలో ఇనుప దిమ్మలు పెట్టాడు. గేర్‌బాక్సు కింద నుంచి ఈ కొమ్ముకీ ఆ కొమ్ముకీ అడ్డకడ్డీ వేశాడు. కొమ్ముల చివర నుంచి పైకి, షాకబ్జార్బర్లు బిగించే చోటుకి, రెండు ఏటవాలు కడ్డీలు కట్టాడు. మర తిప్పితే పొడుగూ పొట్టీ అయ్యే రకం అవి. అంతటితో ఆగక ఇంజను తోక కింద ఇంకొకటి పెట్టాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మిగిలిపోయిన గొట్టాలన్నీ ఇంట్లోకి తెచ్చాడు. మంచానికి రెండువైపులా కటకటాలు పెట్టాడు. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒకటి, తలుపు దగ్గర ఒకటి, గదిలోంచి గదిలోకి గోడ వెంబడి ఒకటి. గోడ పెచ్చులు ఊడిపడుతుంటే నేను ఊడ్చాను.

లేతుమామ వచ్చి షెడ్డులోకీ ఇంట్లోకీ చూసి, "ఒరే, ఇది కారు కాదు వంతెన. అది ఇల్లు కాదు జైలు. ఎక్కడన్నా కాస్త కదలనీరా" అన్నాడు.

"కదిలితేనే కదా మామా ఇంత జరిగింది" అన్నాడు మావాడు కారు కింద నుంచి. మొహం చూపించలేదు.

ఆ రోజుల్లో వాడు పెళ్ళాం గదిలోకి వస్తే చేతిలో పానా లేకుండా రాలేదు. ఏదో ఒక కడ్డీ బిగించి పోయేవాడు. ఆమె మొహంలోకి చూడలేకపోయేవాడు. ఆమెకి నేనే దిక్కు. లేపి కూర్చోబెట్టేదాన్ని, ఒళ్ళు తుడిచేదాన్ని, తల దువ్వేదాన్ని, తినిపించేదాన్ని. "మీకెంత శ్రమ అత్తయ్యా" అనేది. శ్రమే, కానీ నాకు రాత్రి పడుకుంటే హాయిగా నిద్రపట్టేది. షెడ్డుకి వచ్చినవాళ్ళు "అమ్మగారున్నారా" అని నన్ను అడుగుతున్నారు. మావాడు టీ కావాలంటే "అమ్మా" అని పిలుస్తున్నాడు. నేను మళ్ళీ ఈ ఇంటికి అవసరమయ్యాను.

ఒకరోజు తల దువ్వుతుంటే ఆమె కిటికీలోంచి వాన చూస్తూ, "ఈ మధ్య మీరు పాడుకుంటున్నారు అత్తయ్యా" అంది.

"నేనా?"

"పని చేసుకుంటూ, సన్నగా. నేనొచ్చాక ఎప్పుడూ వినలేదు. బాగుంది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఊరికే, నోరు ఊరుకోక" అని ఏదేదో సంజాయిషీ చెప్పాను. ఆమె మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. ఆ పూట జడ వేసిన తీరు నాకే నచ్చక విప్పి మళ్ళీ వేశాను.

వానలు ముమ్మరంగా ఉన్నప్పుడు ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మావాడు రాలేదు, ఆస్పత్రి గుమ్మం తొక్కడం వాడివల్ల కాలేదు. ఆమెని ఎక్స్‌రేకి తోసుకెళ్ళాక ఎముకల డాక్టరు నన్ను పిలిచి చెప్పాడు. "ఎముక అతుక్కుంటోందమ్మా. ఇవాళ్టి నుంచి నిలబెట్టండి. స్టాండు ఇస్తాం, దాన్ని పట్టుకుని రోజూ కాస్త కాస్త బరువు కాలిమీద వెయ్యాలి. నొప్పంటుంది, వినకండి. ఎముకకి బరువు పడితేనే బలం. పడుకోబెడితే కండ కరిగిపోతుంది, మోకాలు పట్టేస్తుంది."

సరేనన్నాను. స్టాండు తీసుకున్నాను. వచ్చేటప్పుడు అది అద్దె కారు వెనక పెట్టెలో ఉంది, ఆమె ముందు సీట్లో ఉంది.

"ఏమన్నాడు అత్తయ్యా? నిలబడమన్నాడా?"

"ఇంకొన్నాళ్ళు పోనీమన్నాడమ్మా" అన్నాను.

ఆ మాట ముందుగా అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చాక విన్నాను. వెనక్కి తీసుకోవడానికి ఇంటిదాకా దారి ఉంది. తీసుకోలేదు. ఇంటికొచ్చాక మావాడు గుమ్మంలోనే నిలబడి "ఏమన్నాడమ్మా?" అంటే, "తొందరేం లేదన్నాడు, ఈ వానల్లో నేలంతా జారుడుగా ఉంది కదా, తగ్గాక చూద్దామన్నాడు" అన్నాను. వాడు ఊపిరి వదిలాడు. చూశావా, వాడి భయం తగ్గించడానికే కదా అన్నాను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. స్టాండుని మడిచి కుట్టుమిషను వెనక పెట్టాను.

అబద్ధమాడినదాన్ని అడ్డగోలుగా సేవ చేశాను. వేళకి ముందే పాలు, అడగకముందే దిండు. నా చేత ఆ మాట అనిపించినది ప్రేమా, భయమా, తాళాల గుత్తా అని ఇప్పుడడిగితే, మూడూ కలిసే ఉన్నాయంటాను. మొదటి రెండే ఉన్నాయని చెప్పుకోవాలని మాత్రం ఎంతో ఉంటుంది.

వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం మావాడు తేలుని దించాడు. కడ్డీలన్నీ బిగించడమైంది, నడిపి చూడాలి. నడిపి లోపం చెప్పే మనిషి మంచం మీద ఉంది. "అమ్మా, నువ్వు రా" అన్నాడు.

"నాకేం తెలుసురా?"

"ఊరికే కూర్చో. ఒక్కణ్ణీ ఎక్కాలంటే ఏదోలా ఉంది."

కూర్చున్నాను. తాళం తిప్పగానే నా పళ్ళు టకటకమన్నాయి. రబ్బరు లేదు కదా, ఇంజను వణుకంతా ఇనుము లోంచి నేరుగా సీట్లోకి, సీట్లోంచి నా వెన్నులోకి వచ్చింది. కళ్ళజోడు ముక్కు మీద నిలవలేదు. వీధి చివరికి వెళ్ళేలోపు నా చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ లేదు. వాడేదో అడుగుతున్నాడు, "ఆఁ?" అంటున్నాను, నేనేదో చెబుతున్నాను, "ఆఁ?" అంటున్నాడు. నా మనవడు పుట్టకముందే నాకు చెవుడొచ్చేలా ఉందని అరిచాను. చాలా రోజుల తర్వాత మావాడు నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకముందే వెనక నుంచి 'టప్'మని చప్పుడైంది. దిగి చూస్తే రోడ్డు మీద నూనె చారిక. గేర్‌బాక్సుని కడ్డీకి కలిపే చెవి చిట్లిపోయింది.

తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. మావాడు చిట్లిన చోటు పట్టుకుని, "ఇంత కట్టినా ఇంకా ఎక్కడ సరిపోలేదు? అటు నుంచి ఇంకో కడ్డీ వెయ్యాలి" అంటున్నాడు.

"దాన్ని ఎలా బిగించావు?" అంది కోడలు కిటికీలోంచి.

"ఎలా ఏముంది, గట్టిగా."

"గట్టిగా సరే. చక్రాలు నేల మీదున్నాయా, గాల్లోనా?"

మావాడు చిట్లిన చెవిని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"గాల్లోనే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాగా. ఇంజను కింద జాకీ పెట్టి పైకెత్తావు, కింద దూరి కడ్డీలన్నీ బిగించేశావు. జాకీ తీశాక ఆ బరువంతా ఎవరు మొయ్యాలి? కడ్డీలే. అవి గేర్‌బాక్సు చెవి పట్టుకుని లాగవూ? బండిని నేల మీదికి దించి, మనుషుల్ని కూర్చోబెట్టి, దాని బరువు అది మోస్తూ ఎక్కడ నిలబడుతుందో చూసి, అప్పుడు బిగించాలి. రబ్బరు కూడా ఉంచాలి. కడ్డీలు కొమ్ముల్ని ఆపడానికి, ఇంజను గొంతు పిసకడానికి కాదు."

"నువ్వు పడుకో" అన్నాడు మావాడు. "దాన్ని ఇంక రోడ్డెక్కించను. కోసి పారేస్తా."

"ఎందుకు?"

"నిన్ను చూస్తూ కూడా ఎందుకని అడుగుతావా?"

"చూడు మరి! ఎప్పుడు చూశావు నన్ను? వస్తావు, మంచానికి ఇంకో కడ్డీ బిగిస్తావు, పోతావు. ఇదంతా నాకోసం కాదు, నీ భయానికి కడుతున్నావు."

మావాడు నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు. ఇంక స్టీరింగు ముట్టుకోవద్దని చెప్పు. నువ్వు చెబితే వింటుంది."

చెప్పాలనే ఉంది నాకు. వాడు అడిగినందుకు కాదు. స్టీరింగు పట్టిన చెయ్యే షెడ్డునీ పడుతుంది, తర్వాత ఇంటినీ పడుతుంది. "ఇప్పుడా గొడవెందుకు, ముందు లేవనీ" అన్నాను.

"లేవనిస్తేగా అత్తయ్యా" అంది. గొంతు పెంచలేదు. "నన్ను కూడా గాల్లో పెట్టే బిగించారు మీరిద్దరూ. రేపు ఆస్పత్రికి వెళ్దాం. డాక్టరుతో నేనే మాట్లాడతా."

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది నాకు.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. ఈసారి మావాడు కూడా వచ్చాడు. డాక్టరు దుప్పటి తీసి కాలు చూశాడు, మోకాలు వంచబోయాడు. ఆమె పెదవి కొరుక్కుంది. ఎడమ తొడ కుడి తొడలో సగం కూడా లేదు. రోజూ తుడిచినదాన్ని నేను, నాకది తెలుసు.

"ఇదేంటి?" అన్నాడు డాక్టరు. "కిందటిసారే చెప్పానే నిలబెట్టమని, స్టాండు కూడా ఇచ్చి పంపాం. ఎందుకాగారు?"

మావాడు నా వైపు చూశాడు. "నిలబెట్టమన్నారా?"

ఇవాళ్టితో అయిపోయిందనుకున్నాను. నేల వంక చూస్తూ నిలబడ్డాను.

"నేనే వద్దన్నానండీ" అంది కోడలు. "నిలబడాలంటే భయమేసింది."

డాక్టరు ఆమెని చెడామడా తిట్టాడు. చదువుకున్నదానివి, వయసులో ఉన్నదానివి, ఇంత పిరికితనమేంటన్నాడు. ఆమె తలొంచుకుని పడింది. నడక వస్తుంది గానీ, పోయిన కండ మొత్తం తిరిగొస్తుందో లేదో, మోకాలు మునుపటిలా వంగుతుందో లేదో చెప్పలేనన్నాడు. మావాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎంత వేగంలోనూ రెప్ప వెయ్యని మనిషి నిలబడటానికి భయపడిందంటే అది తన మూలానే అని వాడి మొహంలో రాసి ఉంది.

ఇంటికొచ్చాక నేనే స్టాండు తీసి తుడిచి ఆమె ముందు పెట్టాను. చంకల కింద చేతులు వేసి లేపాను. నిలబడింది. బరువంతా నా మీద వెయ్యలేదు, కాలి మీదే వేసుకుంది, ఒళ్ళంతా చెమట పట్టింది.

"వాడితో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను ఆమె భుజం వెనక నుంచి. మొహం కనబడకపోతేనే అడగగలిగాను.

"చెబితే ఏం చేస్తాడు? మిమ్మల్ని కూడా చూడటం మానేస్తాడు. మీకూ ఒక కడ్డీ బిగిస్తాడు." ఊపిరి తీసుకుంది. "నేను ఆ రోజే అనుకున్నాను అత్తయ్యా. వెనక పెట్టెలో ఏదో ఇనుము చప్పుడవుతుంటే, బండిది కాదని తెలిసింది. ఇవాళో రేపో మీరే తెచ్చిస్తారని చూశాను."

"నన్ను..."

"ఇప్పుడేమీ అనకండి. నేను చెప్పను. అలాగని మరిచిపోనూ లేదు. కుడికాలు ముందుకెయ్యమంటారా, ఎడమకాలా?"

ఎడమకాలన్నాను.

మావాడితో నేనే చెప్పేద్దామని షెడ్డులోకి వెళ్ళాను. కొత్త రబ్బరు దిమ్మలు, కాస్త గట్టివి, ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "ఒరే, ఆ రోజు డాక్టరు నాతో..." అని మొదలుపెట్టాను.

"వద్దమ్మా, ఆ మాట ఎత్తకు. ఎలాంటి మనిషిని ఎలా చేశాను" అన్నాడు.

"అది కాదురా, నేను చెప్పేది విను."

"నువ్వే లేకపోతే ఈ ఇల్లు ఏమయ్యేది?" అని నూనె చేతులతోనే నా చేతులు పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు. తేలు కుట్టిన దొంగలా వెనక్కి వచ్చేశాను. మళ్ళీ ప్రయత్నించలేదా అంటే, లేదు. తన తప్పు తను మోస్తున్న వాడి నెత్తి మీద నా పాపం మూట కూడా పెట్టాను, వాడు అది కూడా తనదేననుకుని మోశాడు. ఇవాళ్టికీ మోస్తున్నాడు.

వానలు వెనకబట్టే వేళకి ఆమె స్టాండు వదిలి గోడ పట్టుకుంది, గోడ వదిలి గడపలు దాటింది. కుంటు మిగిలింది. మంచం కటకటాలు ఆమే పానాతో విప్పింది. తాళాలు ఆమె అడగకుండానే ఇచ్చేశాను, డబ్బాలు మళ్ళీ ఆమె పెట్టిన చోట్లకే మార్చేశాను. షెడ్డులో మావాడు ఇనుప దిమ్మలు తీసి రబ్బర్లు పెట్టాడు. లేతుమామ ఇంకో పాత గేర్‌బాక్సు సంపాదించి తెచ్చాడు. ఎక్కువైన కడ్డీలు తీసేశారు. అడ్డకడ్డీ ఒకటి, ఏటవాలువి రెండు ఉంచారు.

ఆమె కాలు క్లచ్ దగ్గర ఆగింది. ఇంజను బలం పెరిగితే దాన్ని పట్టుకునే క్లచ్ కూడా గట్టిదే వెయ్యాలి, బాగున్న కాలికే అది బరువు. మోకాలు చాలినంత వంగదు కాబట్టి నేను సీటు విప్పి, వీపు దగ్గర స్పాంజి తగ్గించి, కింద పెంచి మళ్ళీ కుట్టాను. కాలు పెడల్ మీదికి చేరింది. తొక్కితే సగం దిగి ఆగిపోయింది. మళ్ళీ తొక్కింది. తొడ వణికింది గానీ పెడల్ దిగలేదు.

"మెత్తటి క్లచ్ వేస్తా" అన్నాడు మావాడు.

"వేస్తే జారిపోతుంది. నీకూ తెలుసు."

వాడికి తెలుసు. "పోనీ ఇంక నడపొద్దులే" అనబోయి ఆమె మొహం చూసి ఆగాడు.

"ముందు కడ్డీలు బిగించు" అంది. "నేను ఇక్కడ కూర్చుంటా. అత్తయ్యా, మీరు పక్కన కూర్చోండి, బరువు సరిపోవాలి."

తేలు నాలుగు చక్రాల మీదా నేల మీద నిలబడి ఉంది. మావాడు వెనక కింద దూరాడు. మేమిద్దరం ముందు సీట్లలో బరువు కోసం కూర్చున్నాం. పానా చప్పుడు వినిపిస్తోంది. "కదలకండి" అని కింద నుంచి అరిచాడు. కదల్లేదు. చాలాసేపటికి వాడు బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "అయింది. ఇప్పుడు లాగుడేమీ లేదు, కడ్డీలు వాటి చోట అవి ఉన్నాయి" అన్నాడు.

ఆమె తాళం తిప్పింది. ఇంజను పలికింది గానీ నా పళ్ళు కదల్లేదు.

"ఏయ్, ఏం చేస్తున్నావు?" అన్నాడు మావాడు.

"చూసొస్తా. నువ్వుండు, పక్కనుంటే నా కాలే చూస్తుంటావు. అత్తయ్య వస్తారు."

నన్ను వస్తారా అని అడగలేదు. దిగుతానని నేనూ అనలేదు.

ఎడమ చేత్తో తన మోకాలు తనే నొక్కి క్లచ్ దించింది, కుడి చెయ్యి అడ్డంగా చాపి గేరు వేసింది. ఆ క్షణానికి స్టీరింగుని దాని మానాన వదిలేసింది. తిన్నటి రోడ్డు కాబట్టి చెల్లింది. గేరు గేరుకీ అంతే. నేను రోడ్డు చూడాలో, ఆ చెయ్యి చూడాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటాక క్వారీ దారి పట్టింది. ఎక్కడికని అడిగే మొహం నాకెక్కడుంది? ఎత్తు మొదలైంది. ఎదురుగా ఆ మలుపూ, పక్కన ఆ రాతిగోడా కనిపించాయి. గేరు తగ్గించాలి. స్టీరింగుకి కుడి చెయ్యి, గేరుకి ఎడమ చెయ్యి. అక్కడ దేన్నీ వదలడానికి లేదు.

"అత్తయ్యా, నొక్కండి" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నా కుడి అరచెయ్యి ఆమె ఎడమ మోకాలి మీద వేశాను. బట్ట కింద ఎముకే తగిలింది. నొక్కాను.

"ఇంకా."

ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. ఆమె నొప్పికి పళ్ళు బిగించింది, ఆపమనలేదు. పెడల్ దిగింది, గేరు పడింది. "వదలండి" అంది, వదిలాను. గట్టిగా తొక్కింది. తోక అదరలేదు, బండి మలుపు తిరిగి గోడ దాటి పైకెక్కింది.

నేను చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

"అక్కడే ఉంచండి" అంది. "పైన ఇంకో మలుపుంది."